గాబా తగ్గిందా, పెరిగిందా? అల్జీమర్స్‌లో తేలని లెక్క

కంది నుంచి పటాన్‌చెరు దాకా 65వ నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ మందుల పరిశ్రమ పాతుకుపోయి దశాబ్దాలైంది. బల్క్ డ్రగ్స్ వల్ల ఈ ప్రాంతం పేరు ప్రపంచానికి తెలుసు. కొత్త మందు కనిపెట్టాలని ఇక్కడివాళ్లు పడ్డ పాట్లు మాత్రం జనానికి అంతగా తెలియవు. వాటిలో ఒకటి హైదరాబాద్ కంపెనీ సువెన్ లైఫ్ సైన్సెస్‌ది. జాస్తి వెంకటేశ్వర్లు 1989లో పెట్టిన సంస్థ ఇది. సువెన్ పేరుతో నడిచిన తయారీ యూనిట్లలో ఒకటి పాశమైలారంలో ఉంది. ఈ కంపెనీ అల్జీమర్స్ కోసం మాసుపిర్డిన్ అనే సొంత మందును తయారుచేసి అమెరికాలో 564 మంది రోగుల మీద 2వ దశ పరీక్ష నడిపింది. 2019 నవంబరులో ఫలితం వచ్చింది. జ్ఞాపకశక్తినీ ఆలోచననూ కొలిచే ప్రధాన పరీక్షలో అసలు మందు వేసుకున్నవాళ్లకూ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

మందులు విఫలం కావడం అల్జీమర్స్ రంగంలో వింతేమీ కాదు. ఇక్కడ చూడాల్సింది ఆ మందు వెనకున్న ఆలోచన. మాసుపిర్డిన్ 5-హెచ్‌టీ6 అనే సెరటోనిన్ గ్రాహకాన్ని మూసేస్తుంది. ఈ గ్రాహకాలు జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లోనూ మెదడు పైపొరలోనూ ఉంటాయి, అందులోనూ తోటి కణాలను అదుపు చేసే నిరోధక నాడీకణాల మీద కనిపిస్తాయి. వాటిని మూసేస్తే గాబా అనే నిరోధక రసాయనం విడుదల తగ్గుతుంది, దాంతో ఎసిటైల్‌కోలిన్, గ్లూటమేట్ పెరుగుతాయి, జ్ఞాపకం మెరుగుపడుతుంది అన్నది ఈ జాతి మందులకు చెప్పే ప్రముఖ వివరణ. అంటే నిరోధాన్ని తగ్గించాలి.

సరిగ్గా ఆ ఏళ్లలోనే శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ ఇన్‌స్టిట్యూట్స్ పరిశోధకులు దీనికి ఎదురుమాట చెబుతున్నారు. అల్జీమర్స్ మెదడులో నిరోధం ఇప్పటికే కూలిపోయింది కాబట్టి దాన్ని నిలబెట్టాలి అన్నది వాళ్ల వాదన. ఇటు దక్షిణ కొరియాలో మరో బృందం నిరోధం మితిమీరడమే జబ్బు అంటోంది. ముగ్గురి దగ్గరా ఆధారాలున్నాయి.

ఇరవై శాతం కణాలు, సగం పెత్తనం

1950లో యూజీన్ రాబర్ట్స్ మెదడు కణజాలంలో గాబాను గుర్తించాడు. అది నాడీకణాల మధ్య సందేశాన్ని అణిచే రసాయనమని శాస్త్రలోకం ఒప్పుకోవడానికి మరో పదేళ్లకు పైగా పట్టింది. మెదడు పైపొరలో దాదాపు 80 శాతం కణాలు తోటి కణాలను ఉత్తేజపరుస్తాయి, మిగిలిన 20 శాతం గాబాతో అదుపు చేస్తాయి.

ఈ 20 శాతం ఒకే జాతి కాదు. పార్వాల్బుమిన్ అనే ప్రోటీన్ ఉన్నవి మెరుపువేగంతో స్పందించి, కోలాటంలో దరువు తప్పకుండా చూసే గురువులాగా చుట్టుపక్కల వందలాది కణాలను ఒకే తాళానికి కడతాయి. గామా తరంగాలు పుట్టేది ఇలాగే. సొమాటోస్టాటిన్ కణాలది వేరే పని: ఇతర కణాల కొమ్మల దగ్గర కూర్చుని లోపలికి వచ్చే సమాచారాన్ని వడగడతాయి. వీఐపీ అనే మూడో రకం కణాలు సాటి నిరోధక కణాలనే అణుస్తాయి, అంటే పరోక్షంగా ఉత్తేజాన్ని పెంచుతాయి. గాబా పెరిగింది, తగ్గింది అని ఒక్క ముక్కలో తేల్చబోతే మొదట అడ్డొచ్చేది ఈ వైవిధ్యమే.

చాలాకాలం ఎవరూ చూడని మూల

1970ల చివరి నుంచి అల్జీమర్స్ మందుల వేట ఎసిటైల్‌కోలిన్ చుట్టూ తిరిగింది. ఆ రసాయనాన్ని తయారుచేసే ఎంజైము రోగుల మెదళ్లలో బాగా పడిపోయిందని 1976లో తేలింది. ఆ దారిలోనే 1996లో డోనెపెజిల్ వచ్చింది. గ్లూటమేట్ మీద పనిచేసే మెమంటిన్‌కు 2003లో అమెరికా అనుమతి దొరికింది. గాబా కణాలు ఈ జబ్బుకు పెద్దగా లొంగవన్నది అప్పట్లో చాలామంది నమ్మకం.

ఆ నమ్మకానికి కొలతలోని ఇబ్బంది కూడా తోడైంది. మనిషి చనిపోయాక కొన్ని నిమిషాల్లోనే మెదడులో గాబా మోతాదు పెరగడం మొదలవుతుంది. కాబట్టి శవపరీక్షలో తీసిన ముక్కలో గాబా ఎంతుందో కొలిస్తే, ఆ అంకె బతికున్నప్పటి స్థితిని చెప్పదు. ఈ సంగతి తెలిసీ పాత అంకెలను పక్కపక్కన పెట్టి వాదించుకున్నవాళ్లున్నారు.

ఒక జాడ మాత్రం ముందే దొరికింది. 1980లో పీటర్ డేవిస్, రాబర్ట్ కాట్జ్‌మన్, రాబర్ట్ టెర్రీ అల్జీమర్స్ రోగుల మెదడు పైపొరలో సొమాటోస్టాటిన్ తగ్గిందని 'నేచర్'లో రాశారు. అప్పట్లో దాన్ని ఒక పెప్టైడ్ కొరతగానే చదివారు. ఒక నిరోధక కణజాతికి వచ్చిన ముప్పుగా చూడటానికి నాలుగు దశాబ్దాలు పట్టింది.

మొదటి వర్గం: అదుపు తప్పిన మెదడు

2007లో గ్లాడ్‌స్టోన్‌కు చెందిన జార్జ్ పాలోప్, లెన్నార్ట్ ముకే బృందం ఎలుకల మీద చేసిన పని ఈ వాదానికి పునాది. అల్జీమర్స్ మెదళ్లలో గడ్డలు కట్టే అమిలాయిడ్‌కు సంబంధించిన మనిషి జన్యువు చొప్పించిన ఆ ఎలుకలు బయటికి మామూలుగానే ఉన్నాయి. మెదడు విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ తీస్తే మాత్రం వాటి మెదళ్లలో చడీచప్పుడు లేని ఫిట్స్ కనబడ్డాయి. మరుసటి ఏడాది మ్యూనిక్ శాస్త్రవేత్తలు అమిలాయిడ్ గడ్డల దగ్గరి కణాలు అతిగా చెలరేగుతున్నట్టు చూపించారు. 2012లో పాలోప్ బృందం కారణం దాకా వెళ్లింది. పార్వాల్బుమిన్ కణాల్లో నావ్ 1.1 అనే సోడియం ద్వారం తగ్గిపోయి, గామా తాళం తప్పింది. ఆ ద్వారాన్ని తిరిగి పెంచితే ఎలుకల జ్ఞాపకశక్తి మెరుగుపడింది. గ్లాడ్‌స్టోన్‌లోనే యాదాంగ్ హువాంగ్ బృందం అల్జీమర్స్‌కు అతి పెద్ద జన్యు ముప్పైన ఏపీఓఈ4 రకం, హిప్పోక్యాంపస్‌లోని నిరోధక కణాలను చంపుతోందని 2010లో రాసింది.

ఎలుకల సంగతి సరే, మనుషుల మాటేమిటి?

ఇక్కడ 2012 నాటి ఒక ప్రయోగం దగ్గర కాసేపు ఆగాలి. అగెనోర్ లిమోన్, రికార్డో మిలెడి తదితరులు చనిపోయిన అల్జీమర్స్ రోగుల మెదడు నుంచి కణాల పైపొరలను వేరుచేసి, వాటిని ఆఫ్రికా కప్ప గుడ్డులోకి ఎక్కించారు. మిల్లీమీటరు కొంచెం దాటే ఆ గుడ్డు పొరలో మనిషి గ్రాహకాలు వెళ్లి కూర్చుంటాయి, మళ్లీ పనిచేస్తాయి. గుడ్డు మీద గాబా పోసి ఎంత విద్యుత్తు పారిందో ఎలక్ట్రోడుతో కొలిచారు. ఆరోగ్యవంతుల మెదడు నుంచి తీసిన గ్రాహకాలతో పోలిస్తే రోగులవి తక్కువ విద్యుత్తును పారనిచ్చాయి, త్వరగా మొద్దుబారాయి కూడా. చనిపోయాక గాబా మోతాదు మారుతుందన్న పాత చిక్కును ఈ పద్ధతి పక్కదారిన దాటేసింది, ఎందుకంటే ఇక్కడ కొలిచింది గాబాను కాదు, దాన్ని అందుకునే తలుపులను. ఈ చర్చలో మానవ కణజాలం నుంచి వచ్చిన గట్టి సాక్ష్యాల్లో ఇదొకటి.

బతికున్న రోగుల నుంచీ ఆధారాలు చేరాయి. 2016లో కీత్ వోసెల్ బృందం రాత్రంతా ఈఈజీ తీస్తే, ఫిట్స్ చరిత్ర లేని అల్జీమర్స్ రోగుల్లో 42 శాతం మందికి మూర్ఛ తరహా తరంగాలు కనబడ్డాయి. ఆరోగ్యవంతుల్లో అది 10 శాతం చిల్లర. ఆ తరంగాలున్నవాళ్ల మతి త్వరగా క్షీణించింది. 2017లో హార్వర్డ్ వైద్యులు ఇద్దరు రోగుల్లో హిప్పోక్యాంపస్ దగ్గరికే ఎలక్ట్రోడ్లు పంపి, తల మీద పెట్టే ఈఈజీకి అందని ఫిట్స్‌ను పట్టుకున్నారు.

రెండో వర్గం: ఊపిరాడనివ్వని నిరోధం

2014లో రెండు బృందాలు విడివిడిగా ఒకే సంగతి ప్రకటించాయి. ఒకటి కొరియాలో సి. జస్టిన్ లీది, రెండోది అమెరికాలోని పెన్ స్టేట్‌లో గాంగ్ చెన్‌ది. అమిలాయిడ్ గడ్డల చుట్టూ ఉబ్బిపోయిన ఆస్ట్రోసైట్లు తామే గాబా తయారుచేసి బయటికి వదులుతున్నాయి. ఆస్ట్రోసైట్లు నాడీకణాలు కావు, వాటికి అండగా ఉండే కణాలు. మామూలుగా అక్కడ గాబా చాలా తక్కువ. చనిపోయిన రోగుల మెదళ్లలోనూ ఈ గుర్తులు దొరికాయి.

నాడీకణాల మధ్య గాబా క్షణికంగా పడి మాయమవుతుంది. ఆస్ట్రోసైట్ల గాబా అలా కాదు, చుట్టుపక్కల నిరంతరం తేలుతూ హిప్పోక్యాంపస్‌లోకి వచ్చే సంకేతాలను మందగింపజేస్తుంది. లీ బృందం లెక్కలో దీనికి మూలం ఎంఏఓ-బి అనే ఎంజైము. దాన్ని అడ్డుకునే సెలెజిలిన్ పార్కిన్సన్స్‌కు వాడే పాత మందు. ఎలుకలకిస్తే కొన్నాళ్లు జ్ఞాపకం మెరుగుపడింది, వాడకం సాగేకొద్దీ ఫలితం తగ్గింది. తర్వాత వాళ్లే ఆ లోపం లేకుండా కేడీఎస్2010 అనే కొత్త అణువును రూపొందించారు. అయితే ఇదే ఎంజైమును అడ్డుకునే సెంబ్రాజిలిన్‌ను రోష్ కంపెనీ మనుషుల్లో పరీక్షిస్తే, 2015లో వచ్చిన ఫలితం నిరాశే మిగిల్చింది.

5-హెచ్‌టీ6 మందులు ఈ వర్గానికి దూరపు చుట్టాలు. వాటిని తయారుచేసినవాళ్లు ఆస్ట్రోసైట్ల గురించి ఆలోచించలేదు. నిరోధం తగ్గిస్తే మేలన్న దిశ మాత్రం ఒకటే. మాసుపిర్డిన్ ఒంటరిగా ఓడిపోలేదు కూడా. డెన్మార్క్ కంపెనీ లుండ్‌బెక్ తయారుచేసిన ఐడలోపిర్డిన్ 2,525 మంది మీద జరిగిన మూడు పెద్ద పరీక్షల్లో తేలిపోయింది. ఆక్సొవాంట్ చేతిలోని ఇంటెపిర్డిన్ 2017 సెప్టెంబరులో విఫలమైంది.

రెండూ నిజమే కావచ్చు

పక్కపక్కన పెడితే రెండు వర్గాలూ ఒకే వస్తువును కొలవడం లేదని అర్థమవుతుంది. మొదటిది చూసేది నాడీకణాలు క్షణక్షణం పంపే, తాళబద్ధమైన నిరోధాన్ని, అది తగ్గింది. రెండోది చూసేది కణాల బయట ఆగకుండా తేలే గాబాను; అది పెరిగింది. మొదటి వర్గం ఆధారాలు ఎక్కువగా జబ్బు తొలిరోజులవి, లేదా అమిలాయిడ్ మాత్రమే ఉన్న ఎలుకలవి. రెండో వర్గం బలం గడ్డలు ముదిరి, ఆస్ట్రోసైట్లు ఉబ్బిన దశలో. ఒక వర్గం లెవెటిరాసెటమ్ లాంటి ఫిట్స్ మందు వైపు చూస్తే, రెండోది ఎంజైము అడ్డుకట్టల వైపు చూస్తుంది.

మనుషుల మెదడు స్కాన్లు కూడా ఇదే వరుసను సూచిస్తాయి. స్వల్ప మతిమరపు దశలో హిప్పోక్యాంపస్ మామూలు కంటే ఎక్కువ చురుకుగా ఉంటుంది, జబ్బు ముదిరాక చల్లబడుతుంది. 2019లో మార్క్ ఆరెల్ బుషే తదితరులు ఎలుకల్లో దీనికి మరో కోణం చూపారు: అమిలాయిడ్ కణాలను రెచ్చగొడితే, టౌ ప్రోటీన్ వాటి నోరు నొక్కుతుంది. రెండూ కలిసినచోట టౌదే పైచేయి. మనిషికి వచ్చే అల్జీమర్స్‌లో రెండూ ఉంటాయి. ఒక్క అమిలాయిడ్ ఎలుకల మీద కట్టిన వాదం మనిషి దాకా వచ్చేసరికి బలహీనపడటానికి ఇదొక కారణం.

1980 జాడకు మళ్లీ ప్రాణం

కణాలను ఒక్కొక్కటిగా చదివే సాంకేతికత వచ్చాక చర్చ మలుపు తిరిగింది. సియాటిల్ పరిశోధకులు 84 మంది దాతల మెదళ్లను పరిశీలించి 2024లో ప్రచురించిన పటం ప్రకారం జబ్బు రెండు అంచెల్లో నడుస్తుంది. బయటికి లక్షణాలు తెలియని మొదటి అంచెలోనే సొమాటోస్టాటిన్ నిరోధక కణాలు రాలిపోవడం మొదలవుతుంది. పార్వాల్బుమిన్ కణాలు, ఉత్తేజక కణాలు తర్వాతి అంచెలో దెబ్బతింటాయి. దీనికి ఏడాది ముందు ఎంఐటీ బృందం 427 మంది మెదళ్లను చదివి, వయసు మీదపడినా మతి చెదరనివాళ్లలో కొన్ని రకాల నిరోధక కణాలు ఎక్కువగా మిగిలాయని చెప్పింది. వాటిలో సొమాటోస్టాటిన్ కణాలూ ఉన్నాయి.

ఇది గట్టి పురోగతి. అయినా ఆ కణాలే ఎందుకు ముందు పోతాయో ఇంకా తెలియదు. అవి పోవడం వల్ల మిగతా వలయం కూలుతోందా, లేక వలయం కూలుతుంటే అవి ముందుగా బలవుతున్నాయా అన్నది చనిపోయినవాళ్ల కణజాలం నుంచి తేలే ప్రశ్న కాదు.

అమిలాయిడ్‌కూ గాబాకూ నేరుగా లంకె ఉందా అన్నదీ తగవే. అమిలాయిడ్‌కు మాతృక అయిన ప్రోటీన్‌లోని ఒక ముక్క గాబా-బి గ్రాహకానికి అతుక్కుని దాన్ని పనిచేయిస్తుందని 2019లో 'సైన్స్' ప్రచురించింది. అతుక్కోవడం నిజమే గానీ పనిచేయించడం కనబడలేదని 2023లో మరో బృందం రాసింది.

నలభై హెర్ట్జ్ వెలుగు

తప్పిన గామా తాళాన్ని బయటి నుంచి సరిదిద్దవచ్చా? గామా వేగంతో, అంటే సెకనుకు 40 సార్లు వెలిగి ఆరే దీపాన్ని చూపితే ఎలుకల మెదడులో అమిలాయిడ్ తగ్గిందని 2016లో లీ-హుయే సాయ్ బృందం ప్రకటించినప్పుడు పత్రికల నిండా అదే వార్త. 2023లో గ్యోర్గీ బుజాకి ప్రయోగశాల అదే పని చేసి చూసింది. మెదడు లోతుల్లో గామా తాళమూ కుదురుకోలేదు, అమిలాయిడూ తగ్గలేదు. మరుసటి ఏడాది సాయ్ బృందం వీఐపీ కణాల ద్వారా మెదడు వ్యర్థాలను కడుక్కుంటోందన్న కొత్త వివరణతో ముందుకొచ్చింది. మనుషుల్లో పెద్ద పరీక్ష తేల్చేదాకా, 40 హెర్ట్జ్ దీపాలు, హెడ్‌ఫోన్లు ఆన్‌లైన్లో కొనే తొందర అక్కర్లేదు.

మందుల పరీక్షలు నేర్పింది

లెవెటిరాసెటమ్ కథ ఈ సమీక్షకు ఆయువుపట్టు. మూర్ఛ రోగులకు వాడే ఈ చవక మందు మన మెడికల్ షాపుల్లో సులభంగా దొరుకుతుంది. 2012లో జాన్స్ హాప్‌కిన్స్‌లో మికేలా గాలహర్ బృందం స్వల్ప మతిమరపు ఉన్నవాళ్లకు దీన్ని చిన్న మోతాదులో ఇస్తే, హిప్పోక్యాంపస్ వేడి తగ్గింది, జ్ఞాపక పరీక్షలో మార్కులు పెరిగాయి. ఆ ఆశతో ఏజీబీ101 పేరిట ఏడాదిన్నర పరీక్ష నడిపితే, మొత్తం మీద ప్రధాన లక్ష్యం నెరవేరలేదు.

2021లో వోసెల్ బృందం 34 మందితో చేసిన చిన్న పరీక్షలోనూ సగటు లెక్కలో లాభం సున్నా. కానీ ఈఈజీలో మూర్ఛ తరహా తరంగాలున్నవాళ్లను విడిగా చూస్తే, దారి గుర్తుపెట్టుకునే పరీక్షలోనూ ఏకాగ్రత పరీక్షలోనూ మెరుగుదల కనబడింది. అంకె చిన్నదే. అయినా ఇన్నేళ్ల గందరగోళంలో దారి చూపే ఫలితం ఇదే. నిరోధం తగ్గినవాళ్లనూ పెరిగినవాళ్లనూ ఒకే గాటన కట్టి ఒకే మందిస్తే, ఒకరి లాభం మరొకరి నష్టంలో కలిసిపోయి సగటు సున్నా దగ్గర నిలుస్తుంది. 5-హెచ్‌టీ6 పరీక్షలకు కూడా ఎంపిక ఈఈజీ చూసి జరగలేదు. అలా ఎంచి ఉంటే గెలిచేవని చెప్పలేం. ఓడిపోవడంతో ఆ ఆలోచనే తప్పని తేలిందనీ చెప్పలేం.

మాసుపిర్డిన్ కథ 2019తో ముగియలేదు. పాత లెక్కలు తిరగేస్తే రోగుల్లో చిరాకు, దూకుడు తగ్గిన జాడ కనబడటంతో కంపెనీ ఆ లక్షణాల కోసం దాన్ని 3వ దశకు తీసుకెళ్లింది. ఫలితాలు వచ్చాక తవ్వి తీసిన జాడ కాబట్టి దాన్ని ఆ మేరకే నమ్మాలి. అవసరం మాత్రం నిజం: అల్జీమర్స్ రోగుల ఆందోళనకు అమెరికా అనుమతించిన మొదటి మందు బ్రెక్స్‌పిప్రజోల్ వచ్చింది 2023లోనే.

మన దగ్గర ఇలాంటి ఎంపిక చేసిన పరీక్ష జరపడానికి కావలసిన దినుసులు విడివిడిగా ఉన్నాయి. ఎల్ఏఎస్ఐ-డాడ్ సర్వే అంచనా ప్రకారం దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారు. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలతో, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందని 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రపంచమంతా చదివింది. 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్ కంది ప్రాంగణంలో బయోమెడికల్ ఇంజనీరింగ్, సిగ్నల్ ప్రాసెసింగ్ తెలిసినవాళ్లున్నారు. పాశమైలారంలో మందు తయారుచేసే నేర్పుంది. రాత్రి నిద్ర ఈఈజీతో రోగులను వర్గీకరించి, ఆ తర్వాతే మందు పరీక్షించే ప్రణాళిక ఇక్కడి నుంచే రావాలి.

గాబా పెంచే మాత్ర ఇంట్లోనే ఉంటే

నిరోధం తగ్గడమే జబ్బయితే, గాబా పని పెంచే ఆల్ప్రజోలం, డయాజెపామ్ వేసుకుంటే సరిపోతుంది కదా అన్న అనుమానం సహజం. సరిపోదు. ఈ మాత్రలు ఏ కణం, ఏ తాళం అని చూడకుండా మెదడంతటా గాబా-ఏ గ్రాహకాల పనిని పెంచుతాయి. కొత్త జ్ఞాపకం ఏర్పడకుండా చేయడం వీటి దుష్ప్రభావాల్లో అందరికీ తెలిసినదే. దీర్ఘకాలం వాడితే అల్జీమర్స్ ముప్పు పెరుగుతుందా అన్నది మాత్రం తేలలేదు. 2014 నాటి కెనడా అధ్యయనం పెరుగుతుందంటే, 2016 నాటి అమెరికా అధ్యయనం మోతాదుకూ ముప్పుకూ పొంతన కుదరలేదంది. జబ్బు తొలిదశలో నిద్ర చెడి, దానికోసం మాత్ర మొదలుపెట్టినవాళ్లూ ఈ లెక్కల్లో కలిసిపోతారు.

తెలంగాణకు ఇది పుస్తకాల ప్రశ్న కాదు. ఆల్ప్రజోలం కలిపిన కల్లు ఇక్కడ పాత సమస్య, ఆ పొడిని దొంగచాటుగా తయారుచేస్తూ సంగారెడ్డి జిల్లాలో పట్టుబడినవాళ్లూ ఉన్నారు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరమైనప్పుడు, అలవాటుపడినవాళ్లు అది దొరక్క వణుకు, ఫిట్స్, పిచ్చిచూపులతో ఆస్పత్రుల పాలయ్యారు. గాబా గ్రాహకాలు ఏళ్ల తరబడి ఆసరాకు అలవాటుపడి, అది ఒక్కసారిగా పోతే మెదడు ఎలా చెలరేగుతుందో ఆ వార్డుల్లో కనబడింది.

ఇంట్లో మతిమరపు మొదలైన పెద్దవాళ్లుంటే నిద్రమాత్రల చీటీని ఒకసారి న్యూరాలజిస్టుకు చూపించండి. కల్లు అలవాటుంటే దాచకుండా చెప్పండి. ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తూ కొన్ని క్షణాలు పలక్కుండా ఉండిపోతుంటే ఈఈజీ అవసరమా అని అడగండి. మాత్ర ఆపాలని డాక్టరు చెబితే వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. ఒక్కరోజులో ఆపితే ఫిట్స్ రావచ్చు.